కౌన్సిల్లో రభస జరిగితే టవర్ ఆగదు: చెన్నై భవన అనుమతులపై అపోహలు, వాస్తవాలు

చెన్నై కార్పొరేషన్ కౌన్సిల్ కూర్చునే రిప్పన్ బిల్డింగులో ఏదైనా పెద్ద ప్రాజెక్టు మీద గొడవ జరిగిందంటే చాలు, మర్నాడు పొద్దున్నే చెన్నై తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మెసేజ్‌లు తిరుగుతాయి. పక్క వీధివాళ్లది: "కౌన్సిలర్ గట్టిగా నిలదీశాడట, ఇక ఆపేస్తారు." అందులో ఫ్లాట్ బుక్ చేసుకున్నవాళ్లది: "మా డబ్బు పోయినట్టేనా?" ఇద్దరికీ ఒకటే జవాబు. ఆ చర్చ వేరు, ఆ అనుమతి వేరు.

అపోహ: కౌన్సిల్ ఒప్పుకోకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది

అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే.

చెన్నైలో పెద్ద భవనానికి ప్లానింగ్ పర్మిషన్ చూసేది కార్పొరేషన్ కాదు, ఎగ్మూరులో ఉన్న సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ). ఆ అధికారం 1971 నాటి తమిళనాడు పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం నుంచి వచ్చింది. ఎత్తు 18.30 మీటర్లు దాటితే ఫైలు ప్యానెల్ పరిశీలనకు వెళ్తుంది. అగ్నిమాపక శాఖ, ట్రాఫిక్ పోలీసు, విమానాశ్రయ అధికారుల ఎన్‌ఓసీలు, అంటే అభ్యంతరం లేదన్న పత్రాలు, కావాలి. నీరు నిలిచే చోటైతే జలవనరుల శాఖది కూడా. ఈ దారిలో ఎక్కడా కౌన్సిల్ ఓటు లేదు. చిన్న భవనాల పని సీఎండీఏ కార్పొరేషన్‌కే అప్పగించింది నిజమే, కానీ అక్కడా సంతకం పెట్టేది కమిషనర్ కింది అధికారులు, కౌన్సిల్ కాదు.

నమ్మకం కుదరకపోతే ఒకటి గుర్తుచేసుకోండి. 2016 అక్టోబరు నుంచి 2022 మార్చి దాకా చెన్నైకి ఎన్నికైన కౌన్సిలే లేదు. ఆ అయిదేళ్లూ ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద టవర్లు లేవకుండా ఆగాయా?

కౌన్సిల్ వైపే చూస్తూ కూర్చుంటే అసలు గడువులు దాటిపోతాయి. మీరు చూసుకోవాల్సినవి ఇవి.

ఒకటి, భూవినియోగ మార్పు. నివాస ప్రాంతాన్ని వాణిజ్యానికో సంస్థలకో మార్చాలంటే అభ్యంతరాలు కోరుతూ పత్రికల్లో ప్రకటన రావాలి. అందులో వీధి పేరు వెతికితే కనిపించకపోవచ్చు. ఉండేది సర్వే నంబరు, రెవెన్యూ గ్రామం పేరు. పైగా తమిళ పత్రికలో వస్తే తమిళం చదవడం రాని మనవాళ్లకు అది వచ్చిన సంగతే తెలియదు. ఎదురుగా ఉన్న ఖాళీ స్థలం సర్వే నంబరు ఇవాళే రాసిపెట్టుకోండి. పట్టా వివరాలు రాష్ట్ర ప్రభుత్వ ఈ-సర్వీసెస్ పోర్టల్లో దొరుకుతాయి. ప్రకటన కనిపిస్తే అందులో ఇచ్చిన గడువులోపు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

రెండు, పర్యావరణ అనుమతి. కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణం ఉంటే ఇది తప్పనిసరి. జనం లెక్క తప్పేది ఇక్కడే. ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే లెక్క) విస్తీర్ణం చూసి "ఇరవై వేలు లేదుగా" అనుకుంటారు. ఈ లెక్కలో బేస్‌మెంటు, సర్వీసు ఏరియాలు, అన్ని అంతస్తులూ కలుస్తాయి. 8,000 చదరపు మీటర్ల స్థలంలో, అంటే రెండెకరాలకు కాస్త తక్కువలో, ఎఫ్‌ఎస్‌ఐ 2 చొప్పున 16,000 కడితే, కింద 5,000 బేస్‌మెంటు కలిపి 21,000. అనుమతి కావాల్సిందే.

మూడు, అప్పీలు. పర్యావరణ అనుమతిని సవాలు చేయాలంటే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలోనే ఉంది. గడువు 30 రోజులు. సరైన కారణం చూపితే ఇంకో 60. తొంభై దాటితే ఎంత న్యాయమైన కేసైనా తలుపు మూసుకున్నట్టే. పరిహారం అడగని అప్పీలుకు ఫీజు వెయ్యి రూపాయలే, కాబట్టి ఆలస్యానికి ఖర్చు సాకు కాదు. సీఎండీఏ పర్మిషన్ మీద ఫిర్యాదును మాత్రం ఈ ట్రిబ్యునల్‌కు తేవద్దు. దానికి ప్రణాళికా చట్టం కింది అప్పీలు, హైకోర్టు ఉన్నాయి.

మరి కౌన్సిలర్ దండగేనా? కాదు. పర్యావరణ అనుమతి కాపీని బిల్డరు స్థానిక సంస్థకు ఇవ్వాలి, అది అందినప్పటి నుంచి 30 రోజులు కార్పొరేషన్ దాన్ని ప్రదర్శించాలి. "ఆ కాపీ ఏ బోర్డు మీద పెట్టారు?" అని అడిగించండి. సభలో ప్రసంగం కంటే ఆ ఒక్క ప్రశ్నకు విలువెక్కువ.

కార్పొరేషన్ సొంత ఆస్తుల విషయమైతే కథ వేరు, అక్కడ కౌన్సిలే నిర్ణయిస్తుంది. 9 ఫుట్‌బాల్ మైదానాలను ప్రైవేటు నిర్వహణకు ఇస్తూ 2024 అక్టోబరులో చేసిన తీర్మానాన్ని విమర్శలు రాగానే వెనక్కి తీసుకున్నారు. ఆ వార్త చదివి అపార్ట్‌మెంట్ టవర్‌కూ అదే జరుగుతుందనుకోవడం తప్పు.

అపోహ: ప్రజాభిప్రాయ సేకరణ పెట్టలేదు కాబట్టి అనుమతి చెల్లదు

భవన నిర్మాణ, టౌన్‌షిప్ ప్రాజెక్టులకు ఆ 2006 నోటిఫికేషనే ప్రజాభిప్రాయ సభ నుంచి మినహాయింపు ఇచ్చింది. ఇది బాగుందా లేదా అంటే బాగోలేదు. కానీ "సభ పెట్టలేదు" అన్న ఒక్క వాదనతో వెళ్తే మొదటి రోజే కొట్టుకుపోతుంది. పర్యావరణ అనుమతి దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో ఉంటుంది. పరిశీలన దశలోనే చదివి, నీటి లెక్కలోనో వాన కాలువలోనో తప్పు పట్టి రాయండి.

అభ్యంతరంలో "ట్రాఫిక్ పెరుగుతుంది" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. టేపు పట్టి రోడ్డు కొలవండి. ప్రీమియం ఎఫ్‌ఎస్‌ఐ, అంటే డబ్బు చెల్లించి అదనంగా కట్టుకునే విస్తీర్ణం, రోడ్డు వెడల్పును బట్టే: 18 మీటర్లుంటే 50 శాతం, 12 ఉంటే 40, 9 ఉంటే 30. ప్లానులో 12 అని చూపిన రోడ్డు మధ్యలో 10.5కి సన్నబడితే, ఫోటో, కొలత, సర్వే నంబరు జతచేసిన ఆ కాగితాన్ని పక్కన పడేయడం కష్టం.

మిగిలినవి, త్వరగా

పక్కింటివాళ్ల సంతకం లేకపోతే పర్మిషన్ రాదు: తప్పు. సెట్‌బ్యాక్‌లు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) సరిపోతే మీ సంతకం ఎవరికీ అక్కర్లేదు.

సెల్ఫ్ సర్టిఫికేషన్ (సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి) పేరుతో టవర్లు లేపేస్తున్నారు: అది 2,500 చదరపు అడుగుల స్థలంలో 3,500 అడుగుల లోపు ఇళ్లకే.

ఓఎస్ఆర్ (బహిరంగ స్థలంగా వదలాల్సిన) స్థలం మా అపార్ట్‌మెంట్ పార్కు: కాదు. 10,000 చదరపు మీటర్లు దాటిన స్థలంలో రోడ్లు పోను 10 శాతం గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు ఇచ్చేయాలి. అది ఊరందరిది. దాన్ని బ్రోషర్లో "ప్రైవేట్ గార్డెన్" అని వేయడం చెట్టు పేరు చెప్పి కాయలమ్మడమే.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరుంటే అన్నీ ఉన్నట్టే: ఆ నంబరుతో ఆగిపోవద్దు. ఫ్లాట్ కొన్నవాళ్లు కౌన్సిల్ గొడవ వార్త చూసి కంగారుపడేకంటే మూడు కాగితాలు అడగండి: ప్లానింగ్ పర్మిషన్ ఉత్తర్వు, ఆమోదించిన ప్లాను, వర్తిస్తే పర్యావరణ అనుమతి. ప్లానులోని అంతస్తుల సంఖ్య మీ అగ్రిమెంటులోని దానితో కలవాలి. బిల్డరు ఇవ్వనంటే పది రూపాయల ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు సీఎండీఏకు పెట్టండి, జవాబుకు గడువు 30 రోజులు. దరఖాస్తులో ప్రాజెక్టు పేరు ఒక్కటే రాస్తే "రికార్డు దొరకలేదు" అని వస్తుంది; సర్వే నంబరు, గ్రామం తప్పక రాయండి.