వంటింట్లో ఒకే ఎమ్‌సీబీ మీద ఎన్ని నడుస్తాయి? అపోహలు - వాస్తవాలు

ఎమ్‌సీబీ అంటే కరెంటు హద్దు మీరితే తనంతట తానే పడిపోయి (ట్రిప్ అయి) సరఫరా ఆపే స్విచ్. దాని మీద పడే లోడ్ లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు. వస్తువు వెనకో అడుగునో రేకు మీద రాసిన వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ 8.7, 1500 వాట్ల కెటిల్ 6.5, 750 వాట్ల మిక్సీ 3.3, 700 వాట్ల రైస్ కుక్కర్ 3. ఇక్కడిదాకా ఎవరూ తప్పు చేయరు. ఏ అంకెను దేనితో కలపాలి అన్న దగ్గరే తేడా వస్తుంది.

అపోహ: గట్టు మీద 16 ఆంపియర్ల సాకెట్లు మూడున్నాయి, మూడింట్లో మూడు పెద్ద వస్తువులు పెట్టుకోవచ్చు.

16 అన్నది ఆ సాకెట్ ఓర్చుకునే హద్దు. వెనకున్న వైరు సంగతి అది చెప్పదు. చాలా ఫ్లాట్లలో డీబీ (ఎమ్‌సీబీలన్నీ ఉండే పెట్టె) నుంచి ఒక్క 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వంటింటికి వచ్చి, అక్కడ సాకెట్ నుంచి సాకెట్‌కు లూప్ అవుతుంది. మూడింటికీ కలిపి ఉన్నది ఒకే ఎమ్‌సీబీ. పవర్ సర్క్యూట్‌కు రెండు సాకెట్లు, 3000 వాట్లు అన్న పాత లెక్కను బిల్డర్లు ఎప్పుడో మరిచిపోయారు.

మీ ఇంట్లో ఎలా ఉందో పది నిమిషాల్లో తేలుతుంది. ఎమ్‌సీబీలను ఒక్కొక్కటే దించుతూ ఏ సాకెట్లు ఆగాయో ఫోన్ చార్జర్‌తో చూడండి. కాగితం మీద రాసి డీబీ తలుపు లోపల అంటించండి. పక్క గదిలోని ఫ్రిజ్, ఒక్కోసారి గీజర్ కూడా అదే ఎమ్‌సీబీ మీద ఉన్నట్టు బయటపడుతుంది.

అపోహ: ట్రిప్ కాలేదంటే లోడ్ సరిపోతున్నట్టే.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ 16 దాటగానే పడదు. ప్రమాణం ప్రకారం 1.13 రెట్లు, అంటే 18 ఆంపియర్ల దగ్గర గంటసేపు పడకూడదు. 1.45 రెట్లు, అంటే 23.2 దగ్గర గంటలోపు పడి తీరాలి. ఆ మధ్యలో ఎప్పుడు పడుతుందో చెప్పలేం.

ఇండక్షన్, కెటిల్, 1300 వాట్లు లాగే మైక్రోవేవ్ కలిస్తే 4800 వాట్లు, 20.9 ఆంపియర్లు. సరిగ్గా ఆ మధ్యలోనే. కెటిల్ నాలుగు నిమిషాల్లో ఆగిపోతుంది కాబట్టి ఏమీ కాదు. కెటిల్ బదులు ఓటీజీలో (కరెంటు ఓవెన్‌లో) కేకు పెడితే ఇరవై నిమిషాలకు పడొచ్చు, పడకపోనూ వచ్చు. ఎమ్‌సీబీ లోపల ఉండేది వేడికి వంగే రేకు, అందుకే మే నెలలో ఇంకాస్త తొందరగా పడుతుంది. ‘నిన్న బాగానే ఉంది, ఇవాళ పడుతోంది’ అని కొత్త ఎమ్‌సీబీ కొనేవాళ్లలో చాలామందిది ఈ బాపతే.

కాబట్టి కలపాల్సింది పావుగంటకు మించి ఒకేసారి నడిచే వేడి వస్తువులను. 16 ఎమ్‌సీబీ మీద వాటి మొత్తం 13 ఆంపియర్లు, అంటే దాదాపు 3000 వాట్లు దాటనివ్వకండి. మిగిలిన మూడు ఆంపియర్లు మిక్సీకి. కెటిల్ పెట్టాలంటే ఆ కాసేపు ఇండక్షన్‌ను 1000 వాట్లకు దించండి.

అపోహ: ఊరికే పడుతోంది, 32 ఎమ్‌సీబీ వేయిస్తే పీడ పోతుంది.

ఎమ్‌సీబీ ఉన్నది వైరును కాపాడటానికి. గోడ పైపులోని 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకు 20 ఆంపియర్ల లోపు అనే లెక్క వేసుకోవాలి. 32 ఎమ్‌సీబీ మాత్రం 36 ఆంపియర్లను గంటసేపు పోనిస్తుంది. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీలకు చేసింది. అది గోడలో మెత్తబడుతుంటే బయటికి ఏమీ కనిపించదు.

సరైన పని, ఇండక్షన్‌కు డీబీ నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం వైరు, దానికి 20 ఎమ్‌సీబీ. ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ కొత్తవే లాగించండి. కొందరు ఫేజ్ ఒక్కటే లాగి పాత న్యూట్రల్‌కే కలిపేస్తారు. రెండు సర్క్యూట్ల కరెంటూ ఆ ఒక్క న్యూట్రల్ మీద పడుతుంది. ఎమ్‌సీబీలు ఫేజ్ మీద ఉంటాయి కాబట్టి దేనికీ ఆ సంగతి తెలియదు.

అపోహ: మైక్రోవేవ్ 800 వాట్లదే కదా.

అది ఆహారానికి చేరే శక్తి. గోడ నుంచి లాగేది 1200, 1300 దాకా ఉంటుంది. కన్వెక్షన్‌లో ఇంకా ఎక్కువ.

అపోహ: లోడ్ తక్కువే, అయినా ప్లగ్ మాడిందంటే వస్తువులో లోపం.

ముందు సాకెట్‌ను చూడండి. లోపలి పట్టు వదులై 0.1 ఓమ్ అడ్డు చేరితే, 8.7 ఆంపియర్ల దగ్గర ఆ చిన్న చోటే ఏడున్నర వాట్ల వేడి పుడుతుంది. 15 ఆంపియర్ల దగ్గర 22.5 వాట్లు. కరెంటు మామూలుగానే ఉంది కనుక ఎమ్‌సీబీ పడదు. వంటయ్యాక స్విచ్ ఆపి, ప్లగ్ తీసి పట్టుకుంటే చురుక్కుమందా, పిన్ను గోధుమరంగుకు తిరిగిందా, సాకెట్టే మార్చాలి. ప్లగ్ ఒక్కటే మారిస్తే నెలలో మళ్లీ మాడుతుంది. ఇక 16 పిన్నును 6 సాకెట్‌లో దూర్చే కన్వర్టర్ అయితే వంటింట్లో ఉండనే కూడదు.

అపోహ: ఆర్‌సీసీబీ ఉంది, అది చూసుకుంటుంది.

అది లీకేజీని, అంటే దారితప్పి భూమిలోకి పోయే కరెంటును చూస్తుంది, లోడ్‌ను చూడదు. దాని మీద 40 అని ఉంటే అది మోయగల కరెంటు మాత్రమే.

అపోహ: వోల్టేజీ పడిపోతే అన్నీ ఎక్కువ ఆంపియర్లు లాగుతాయి.

మోటార్ల విషయంలో ఇది చాలావరకు నిజం. కాయిల్‌తో వేడి పుట్టించే వస్తువులకు తలకిందులు: 1500 వాట్ల కెటిల్ 190 వోల్టుల దగ్గర 5.4 ఆంపియర్లే లాగుతుంది, 1020 వాట్లకు పడిపోతుంది. నీళ్లు ఆలస్యంగా మరుగుతాయి, అంతే.

అపోహ: త్రీ ఫేజ్ తీసుకుంటే ట్రిప్ గొడవ ఉండదు.

వంటిల్లంతా ఒకే ఫేజ్ మీద, పాత వైరు మీదే ఉంటే మారేదేమీ లేదు. సర్క్యూట్లు విడదీసి వేర్వేరు ఫేజ్‌లకు పంచితేనే ఉపయోగం. అలా పంచేటప్పుడు రెండు ఫేజ్‌లను ఒకే స్విచ్ బోర్డులోకి తేవొద్దని ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పండి. ఆ రెండింటి మధ్య 400 వోల్టులు ఉంటాయి.