డీజిల్ కారు ఎవరికి కలిసొస్తుంది?

కారు కొందామనుకున్నవాళ్లు షోరూముకు వెళ్లేముందు తెలిసినవాళ్లను తప్పకుండా అడిగే ప్రశ్న, పెట్రోలా డీజిలా అని. జవాబు కూడా దాదాపు అందరిదీ ఒకటే. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగితే డీజిల్, లేకపోతే పెట్రోల్. ఒకప్పుడు ఈ లెక్క సరిపోయేది. 2020 ఏప్రిల్‌లో బండ్ల పొగకు హద్దులు పెట్టే బీఎస్-6 నిబంధనలు వచ్చాక ఇందులో సగమే నిజం. ఎంత తిరుగుతారన్న దానితోపాటు ఎలాంటి రోడ్డు మీద తిరుగుతారన్నదీ చూసుకోవాలి. ఎందుకో తెలియాలంటే ముందు ఇంజిన్ లోపలికి తొంగిచూడాలి.

పెట్రోల్ ఇంజిన్‌లో గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని స్పార్క్ ప్లగ్ అంటిస్తుంది. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. ఒట్టి గాలిని లోపలికి పీల్చుకుని, దాన్ని పదిహేనో పదహారో వంతుకు కుదించేస్తుంది. సైకిల్‌కు గాలి కొడుతుంటే పంపు అడుగు వేడెక్కుతుంది కదా, ఇక్కడ అదే పని తీవ్రంగా జరిగి గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. సరిగ్గా అప్పుడు ఇంజెక్టర్ డీజిల్‌ను సన్నటి తుంపరగా చిమ్ముతుంది, అది తనంతట తనే అంటుకుంటుంది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన ఇంజిన్ మూలసూత్రం ఇదే. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టంలోంచి డీజిల్ అందించే ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో డీజిల్ 1,600 బార్లకు పైబడిన పీడనంతో దూసుకొస్తుంది. మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి అది 1,600 రెట్లు.

డీజిల్ బండి మంచి చెడులు రెండూ ఇక్కడే పుడతాయి. ఎంత ఎక్కువ కుదిస్తే ఇంధనం వేడిలోంచి అంత ఎక్కువ పని రాబట్టొచ్చు. పెట్రోల్ ఇంజిన్ వేగం తగ్గించాలంటే గాలి దారిని మూసుకోవాలి, అందులో కొంత శక్తి వృథా అవుతుంది. డీజిల్ ఇంజిన్ గాలిని ధారాళంగా తీసుకుని, ఇంధనాన్ని మాత్రమే తగ్గించుకుంటుంది. పైగా డీజిల్ చిక్కటి ద్రవం కాబట్టి లీటరుకు పెట్రోల్ కంటే పది శాతానికి పైగా ఎక్కువ శక్తి ఉంటుంది. మైలేజీ తేడాలో కొంత భాగం ఇంజిన్ గొప్పతనం, కొంత భాగం ఆ చిక్కదనం. దీనికి గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో తోడయ్యేసరికి, ఇంజిన్ నిమిషానికి 1,500, 2,000 చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతున్నప్పుడే మంచి బలం అందుతుంది. ఐదుగురు మనుషులూ, డిక్కీ నిండా సామానుతో శ్రీశైలం ఘాట్ ఎక్కినవాళ్లకు ఆ బలం ఏమిటో చెప్పనక్కర్లేదు. మాటిమాటికీ గేరు తగ్గించే పని ఉండదు, ఇంజిన్ అరవదు.

ఇక డబ్బు సంగతి. 2014 అక్టోబర్ దాకా డీజిల్ ధరను ప్రభుత్వమే అదుపులో ఉంచేది. పెట్రోల్‌తో తేడా బాగా ఉండేది కాబట్టి, 2012-13 ప్రాంతంలో దేశంలో అమ్ముడైన కార్లలో దాదాపు సగం డీజిల్‌వే. నియంత్రణ ఎత్తేశాక ఆ తేడా కరిగింది. బీఎస్-6 పరికరాలతో చిన్న డీజిల్ కారు ఖర్చు గిట్టదని మారుతీ సుజుకీ 2020లో డీజిల్‌నే వదిలేసింది. ఇప్పుడు డీజిల్ ఎక్కువగా మిగిలింది ఎస్‌యూవీలు, పెద్ద బండ్లలోనే.

హైదరాబాద్‌లో పెట్రోల్ లీటరు 107 రూపాయలు, డీజిల్ 96 అనుకుందాం. ఒకే మోడల్లో టర్బో పెట్రోల్ 14 కిలోమీటర్లు, డీజిల్ 18 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు ఖర్చు 7.64, 5.33 రూపాయలు. మిగిలేది 2.31. డీజిల్ బండికి లక్షా పాతిక వేలు ఎక్కువ పెట్టి ఉంటే, ఆ డబ్బు వెనక్కి రావడానికి సుమారు 54 వేల కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి పాతిక వేలు తిరిగే మనిషికి రెండేళ్ల పైచిలుకు, పది వేలు తిరిగే మనిషికి ఐదేళ్లు దాటుతుంది. సర్వీసింగ్ ఖర్చు తేడా కలిపితే ఇంకాస్త పెరుగుతుంది. ఇంతవరకూ అందరూ వేసుకునే లెక్కే.

ఈ లెక్కలోకి రానిది డీపీఎఫ్, అంటే సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్. డీజిల్ తుంపర గాలితో పూర్తిగా కలిసేలోపే మండుతుంది కాబట్టి, మధ్యలో గాలి చాలని చోట మసి తయారవుతుంది. పాత బండ్లు దాన్ని మన ముఖాన వదిలేవి. బీఎస్-6 వచ్చాక మసి పరిమితి కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కు పడిపోయింది. ఆ గీత లోపల ఉండాలంటే ఫిల్టర్ తప్పనిసరి. పట్టిన మసి పోగుపడితే దారి మూసుకుపోతుంది, అందుకే ఎప్పటికప్పుడు దాన్ని లోపలే కాల్చేయాలి. మసి మండటానికి సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద పదిహేను, ఇరవై నిమిషాలు ఆగకుండా వెళితే ఇంజిన్ కాస్త అదనపు డీజిల్ చిమ్మి ఆ వేడి పుట్టించుకుంటుంది. విజయవాడ హైవే మీద వారం వారం ఊరెళ్లి వచ్చేవాళ్లకు ఇదంతా జరుగుతున్నట్టే తెలియదు.

పిల్లల్ని మూడు కిలోమీటర్ల దూరంలో బడి దగ్గర దింపి, మాదాపూర్ ట్రాఫిక్‌లో ఆఫీసుకు వెళ్లి వచ్చే బండి పరిస్థితి వేరు. శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టగానే ఇల్లు వచ్చేస్తుంది, తాళం తిప్పేస్తారు. ఇలా పదేపదే మధ్యలో ఆగితే మసి పేరుకుంటుంది, చిమ్మిన అదనపు డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ బయటికి తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి మ్యాక్స్ గీత దాటి ఉంటుంది, ముట్టుకుంటే పల్చగా, వాసన చూస్తే డీజిల్ వాసన. అలాంటి ఆయిల్ ఇంజిన్‌ను కాపాడలేదు. ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంటే, లేదా ఆపేముందు ఐడిల్లో ఆర్‌పీఎం మామూలు కంటే కొంచెం ఎక్కువ చూపిస్తుంటే, ఫిల్టర్ శుభ్రమవుతూ ఉండగా ఆపేశారని అర్థం. వీలుంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక రౌండు వేసి రావడమే మందు. డాష్‌బోర్డు మీద లైటు వచ్చినా పట్టించుకోకపోతే బండి పికప్ చచ్చిపోతుంది, ఫిల్టర్ మార్చాల్సి వస్తే కొన్ని మోడళ్లకు లక్ష దాటుతుంది.

రెండో చిక్కు నైట్రోజన్ ఆక్సైడ్లు. ఎక్కువ వేడి, ఎక్కువ గాలి ఉన్నచోట ఇవి పుడతాయి. పెట్రోల్ కారు సైలెన్సర్ దారిలో మూడు రకాల విషవాయువులను ఒకేసారి శుభ్రం చేసే త్రీ-వే క్యాటలిస్ట్ వీటిని సులువుగా విరగ్గొడుతుంది, కానీ పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటే ఆ పని చేయలేదు. మైలేజీ ఇచ్చే ఆ మిగులు గాలే ఇక్కడ అడ్డం పడుతోంది. అందుకే చాలా డీజిల్ బండ్లలో ఈ ఆక్సైడ్లను విరగ్గొట్టే యూరియా ద్రావణం పోసే ట్యాంకు విడిగా పెట్టారు. ఈ ఖర్చూ కష్టమూ తప్పించుకోవడానికే ఫోక్స్‌వ్యాగన్ పరీక్ష జరిగేటప్పుడు మాత్రమే పొగ తగ్గించి మోసం చేసే సాఫ్ట్‌వేర్ పెట్టింది. 2015 సెప్టెంబర్‌లో అమెరికాలో బయటపడిన ఆ వ్యవహారంలో ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల బండ్లు ఉన్నాయి.

కార్బన్ డయాక్సైడ్ విషయంలో డీజిల్‌కే కొంచెం మొగ్గు. లీటరు మండితే పెట్రోల్ కంటే ఎక్కువే వస్తుంది గానీ, మైలేజీ వల్ల కిలోమీటరుకు తగ్గుతుంది. అయితే పొగ పీల్చే మనిషికి ఆ తేడాతో ఒరిగేదేమీ లేదు. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చిచెప్పింది. అందుకే డీపీఎఫ్ పీకేసి, సాఫ్ట్‌వేర్ మార్చి ఇచ్చే షెడ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. మోటారు వాహనాల చట్టం అలాంటి మార్పును ఒప్పుకోదు. మన పొల్యూషన్ చెకింగ్‌లో డీజిల్ బండికి పొగ చిక్కదనం ఒక్కటే చూస్తారు, కాబట్టి చాలామంది దొరక్కుండా పోతున్నారు. సిగ్నల్ దగ్గర వెనకాల బైకు మీద ముందు కూర్చున్న చిన్న పిల్లాడు పీల్చేది ఆ పొగనే.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇంకో రెండు విషయాలు చూసుకోవాలి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద నిషేధాన్ని 2018లో సుప్రీం కోర్టు సమర్థించింది, 2025లో దాని అమలును సడలించింది. 2018 తీర్పు తర్వాత అక్కడి పాత బండ్లు చౌకగా ఇతర రాష్ట్రాలకు రావడం మొదలైంది. బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అక్కడి రవాణా శాఖ ఇచ్చే ఎన్ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేసుకుంటేనే అసలు ధర తెలుస్తుంది. బీఎస్-6 బండి అయితే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి తుడవండి. ఫిల్టర్ బాగుంటే వేలికి మసి దాదాపు అంటదు. నల్లగా అంటిందంటే ఫిల్టర్ పగిలిందో, ఎవరో తీసేశారో అయి ఉంటుంది. ఎంత తగ్గించి ఇస్తామన్నా ఆ బండి తీసుకోకండి.