మద్దతు ధరకు ముందు: ఓడల కోసం ఎదురుచూసిన ఏళ్లు

2020లో తెచ్చిన మూడు సాగు చట్టాలను కేంద్రం మరుసటి ఏడాదే వెనక్కి తీసుకుంది. మద్దతు ధరకు చట్టబద్ధత కావాలన్న డిమాండు మాత్రం చల్లారలేదు. ప్రభుత్వం 22 పంటలకు మద్దతు ధర ప్రకటిస్తుంది. ఏటా తప్పకుండా, పెద్ద ఎత్తున కొనేది వరి, గోధుమలనే. ఈ తేడాకు మూలం 1960ల్లో దేశం తిండిగింజల కోసం పడ్డ అవస్థలో ఉంది.

1956లో, మిగులు ధాన్యాన్ని బయటి దేశాలకు అమ్మే అమెరికా చట్టం కింద, ఆ దేశంతో పీఎల్‌-480 ఒప్పందం కుదిరింది. గోధుమలకు డాలర్లు కట్టనక్కర్లేదు, రూపాయలు ఇస్తే చాలు. విదేశీ మారకం లేక అల్లాడుతున్న దేశానికి అది పెద్ద వెసులుబాటు. 1960లో చేసుకున్న ఒప్పందం ప్రకారం నాలుగేళ్లలో 1.6 కోట్ల టన్నుల గోధుమలు రావాలి. పట్టణాల రేషన్ దుకాణాలు నిండాయి, ప్రణాళికల డబ్బు ఉక్కు, యంత్రాల వైపు వెళ్లింది. దెబ్బ రైతుకు తగిలింది. బజారులో చవక గోధుమ ఉన్నంతకాలం ధర లేవదు. ధర లేనిచోట ఎరువుకూ బావికీ అప్పు తెచ్చి ఎవరు పెడతారు? దిగుబడి అక్కడే ఆగిపోయింది, దిగుమతి పెరుగుతూ పోయింది.

1964-65లో 8.94 కోట్ల టన్నుల తిండిగింజలు పండాయి. మరుసటి ఏడాది వానలు లేక అది 7.24 కోట్లకు పడిపోయింది. ఆ తర్వాతి ఏడాదీ కరువే, బిహార్ మరీ దెబ్బతింది. 1966లో కోటి టన్నులకు పైగా దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. అప్పటికే అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దీర్ఘకాలిక ఒప్పందాలు పక్కనపెట్టి, ఒకటి రెండు నెలలకు సరిపడా మాత్రమే విడుదల చేయిస్తున్నారు. వ్యవసాయ విధానం మార్చాలన్న షరతు ఒకవైపు, వియత్నాం యుద్ధంపై భారత్ విమర్శల మీద కోపం మరోవైపు. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. డాలరు 4.76 రూపాయల నుంచి 7.50కి చేరడంతో దిగుమతి ఎరువు ఖర్చు రూపాయల్లో సగానికి పైగా పెరిగింది. దానికి బదులుగా వస్తుందనుకున్న విదేశీ సాయం ఆశించినంత అందలేదు.

అయితే సంస్కరణలన్నీ అమెరికా ఒత్తిడితోనే వచ్చాయనడం సరికాదు. 1964లో వ్యవసాయ శాఖ చేపట్టిన సి.సుబ్రహ్మణ్యం, అమెరికా గోధుమ ఓడలను బిగబట్టకముందే రైతుకిచ్చే ధర సంగతి ఎత్తుకున్నారు. తిండిగింజల ధరలపై వేసిన ఎల్.కె.ఝా కమిటీ సిఫార్సుల వెనకే 1965 జనవరిలో, ధరలు సిఫార్సు చేసే వ్యవసాయ ధరల కమిషన్, ధాన్యం కొని నిల్వచేసే భారత ఆహార సంస్థ ఏర్పడ్డాయి. అదే ఏడాది నవంబరులో రోమ్‌లో అమెరికా వ్యవసాయ మంత్రి ఆర్విల్ ఫ్రీమన్‌తో కుదిరిన అవగాహనలో, ఢిల్లీలో అప్పటికే నడుస్తున్న ఆలోచనలు చాలానే ఉన్నాయి.

ఇక విత్తనం. పాత పొడుగు గోధుమలకు హెక్టారుకు 40 కిలోలు దాటి నత్రజని వేస్తే, కంకి బరువెక్కి చేను పడిపోయేది. మెక్సికో పొట్టి రకాలు 120 కిలోలదాకా తట్టుకున్నాయి. 1966లో 18,000 టన్నుల విత్తనం తెప్పించారు. హెక్టారుకు 100 కిలోల చొప్పున అది 1.8 లక్షల హెక్టార్లకు సరిపోతుంది. కానీ సాగు పద్ధతి మారకపోతే ఈ విత్తనం పనిచేయదు. తేమ అందాలని రైతులు లోతుగా విత్తేవారు. మొలకను కప్పి నేల పైకి తెచ్చే తొడుగు పొట్టి రకాల్లో పొట్టిదే కాబట్టి, 5 సెంటీమీటర్లు మించి లోతుకు పోతే మొలక పైకి రాక నేలలోనే చచ్చేది. విత్తిన మూడు వారాలకు, మొదలు దగ్గర కొత్త వేళ్లు తొడిగే సమయంలో, మొదటి తడి తప్పితే పిలకలు తగ్గిపోతాయి. నత్రజని సగం విత్తేటప్పుడు, మిగతా సగం ఆ తడితోనే వేయాలి. మెక్సికో రకాల్లో ఒకటైన లెర్మా రోహో గింజ ఎర్రగా ఉండటంతో బజారులో ధర పలకలేదు. తెల్లగింజ రకాలు కల్యాణ్ సోనా, సోనాలికా వచ్చాకే సాగు ఊపందుకుంది. వరిలో కొత్త పొట్టి రకం ఐఆర్‌-8దీ ఇలాంటి చిక్కే: దిగుబడి ఎక్కువ, గింజ మొద్దు, ఆకు ఎండు తెగులును తట్టుకోలేదు. హైదరాబాదు రాజేంద్రనగర్ కేంద్రంగా నడిచిన అఖిల భారత వరి పరిశోధన పథకం 1968లో 'జయ' అనే వరి రకాన్ని విడుదల చేసింది.

విత్తనం, ఎరువు, నీరు అన్నిటికీ ముందే డబ్బు పెట్టాలి. దిగుబడి ఒక్కసారిగా పెరిగితే కోతల వేళ ధర కూలుతుంది, అప్పు మిగులుతుంది. అందుకే ధర హామీ కూడా విత్తనంతో పాటు నడవాల్సిన భాగమైంది. మొదట్లో రెండు ధరలుండేవి. విత్తే ముందు ప్రకటించే మద్దతు ధర నష్టానికి అడ్డుకట్ట. కోతల వేళ నిర్ణయించే సేకరణ ధర దానికంటే ఎక్కువ, ప్రభుత్వం నిల్వల కోసం కొనేది ఆ ధరకే. 1970ల మధ్యకల్లా రెండూ ఒకటైపోయాయి. నా లెక్కలో ఇవాళ్టి చిక్కుకు ఇదే ముడి. బీమాగా మొదలైనది కొనుగోలు ధరగా మారింది, కొనుగోలు ఉన్నచోటే దానికి విలువ నిలిచింది.

గోధుమ దిగుబడి 1964-65లో 1.23 కోట్ల టన్నులు, 1970-71లో 2.38 కోట్లు. 1971 ఆఖరుకు పీఎల్‌-480 దిగుమతులు ఆగాయి. దిగుమతులు అంతటితో పూర్తిగా ఆగలేదు. 1970ల నడుమ కరువుల్లో డాలర్లు పెట్టి మళ్లీ కొన్నాం. అప్పుడు షరతులు పెట్టేవాళ్లు లేరు, అంతే తేడా.

పప్పులకు ఈ దారి దొరకలేదు. సేకరించిన బియ్యం, గోధుమలు రేషన్ దుకాణాల్లోకి వెళ్తాయి. కందులు కొంటే నెలనెలా ఖాళీ చేసే అలాంటి దారి లేదు, పైగా నిల్వలో పురుగు పడుతుంది. వానాధారపు పప్పు నేలల్లోకి నీళ్లొచ్చినచోట రైతు భరోసా ఉన్న గోధుమకు మారాడు. తలసరి పప్పు లభ్యత 1961లో రోజుకు 69 గ్రాములుంటే 1981కి 37.5 గ్రాములకు దిగింది. 2018లో పప్పులు, నూనెగింజలను మద్దతు ధరకు కొనే కేంద్ర పథకం పీఎం-ఆశా కింద, సహకార సంస్థ నాఫెడ్ కొనుగోళ్లకు కూడా పంటలో 25 శాతం పరిమితే పెట్టారు. కంది, మినుము, మసూరులకు దాన్ని సడలించింది ఆ తర్వాతి ఏళ్లలోనే.