కుమ్మక్కు ధర కట్టినవాడికి తిరిగొచ్చేదెంత?

కంపెనీలు కుమ్మక్కై ధర పెంచాయని తేలితే వేసే జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది. ఆ ధర కట్టినవాళ్లకు అందులో పైసా రాదు. వాళ్లు విడిగా కోర్టుకెళ్లి పరిహారం అడగాలి.

ఈ దారి పాతదే. గుత్త హక్కుల వల్ల నష్టపోయినవాడికి మూడింతలు కట్టించాలని ఇంగ్లండ్ పార్లమెంటు 1624లోనే చట్టం చేసింది. అమెరికా 1890 నాటి షెర్మన్ చట్టంలో అదే లెక్క పెట్టింది, 1914 నాటి క్లేటన్ చట్టంలోనూ కొనసాగించింది. దావా గెలిస్తే లాయరు ఫీజు కూడా ఓడిన కంపెనీదే. ప్రైవేటు దావాలు అక్కడ అంతగా పెరగడానికి ఈ ఆశ ఒక పెద్ద కారణం.

అసలు చిక్కు వేరే ఉంది. నష్టపోయింది ఎవరు? తయారీదారు పెంచిన ధరను టోకు వ్యాపారి చిల్లర వ్యాపారి మీదికి నెడతాడు, అతను కొనేవాడి మీదికి నెడతాడు. ‘నీ నష్టం నువ్వు రాబట్టుకున్నావుగా’ అని కంపెనీ తప్పించుకోవడం కుదరదని అమెరికా సుప్రీంకోర్టు 1968లో హానోవర్ షూ కేసులో చెప్పింది. 1977లో ఇల్లినాయిస్ బ్రిక్ కేసులో ఇంకో అడుగు వేసి, ఫెడరల్ చట్టం కింద పరిహారం అడిగే హక్కు నేరుగా కొన్నవాళ్లకే అంది. లెక్క తేలికైంది, నిజమే. కానీ డబ్బు పోయినవాడు గుమ్మం బయటే మిగిలాడు. తర్వాత చాలా రాష్ట్రాలు సొంత చట్టాలతో అతన్ని లోపలికి రానిచ్చాయి.

జపాన్‌లో 1973 చమురు సంక్షోభం నాటి కిరోసిన్ ధరల మీద సురుఓకా నగర వినియోగదారులు వేసిన దావా 1989లో సుప్రీంకోర్టులో వీగిపోయింది. కుమ్మక్కు లేకపోతే ధర తక్కువుండేదని వాళ్లు రుజువు చేయలేకపోయారట! జరగని దాన్ని ఎవరు మాత్రం రుజువు చేయగలరు?

యూరప్ ఆలస్యంగా కదిలింది. నష్టపోయిన ఎవరైనా పరిహారం అడగొచ్చని యూరోపియన్ న్యాయస్థానం 2001లో ఇంగ్లండ్‌లోని ఒక పబ్ నిర్వాహకుడి కేసులో తేల్చింది. విచిత్రమేమిటంటే, చివరికి 2006లో అతనే ఓడిపోయాడు. 2014లో యూరోపియన్ యూనియన్ సభ్య దేశాలకిచ్చిన ఆదేశం మాత్రం జపాన్ చిక్కుకు జవాబులా ఉంటుంది: కుమ్మక్కు జరిగితే నష్టం జరిగినట్టే లెక్క, కాదని కంపెనీయే నిరూపించుకోవాలి. మూడింతల మాట మాత్రం లేదు, పోయినంతే.

భారత్‌లో 2002 పోటీ చట్టం పరిహారానికి అవకాశం ఇచ్చింది. అయితే ముందు పోటీ కమిషనో దాని మీది అప్పీలు ట్రిబ్యునలో తప్పు జరిగిందని తేల్చాలి.

బ్రిటన్ 2015లో, వద్దని చెప్పనివాళ్లందరి తరఫునా ఒక్కరే దావా వేసే వీలు కల్పించింది. మాస్టర్‌కార్డ్ మీద దాదాపు 4.6 కోట్ల మంది పేరిట దావా పడింది. దుకాణాల నుంచి వసూలైన కార్డు రుసుములు చివరికి కొనేవాళ్ల నెత్తినే పడ్డాయన్నది అందులో వాదన. అడిగింది సుమారు 1,400 కోట్ల పౌండ్లు. 2025లో ట్రిబ్యునల్ ఆమోదించిన రాజీ 20 కోట్ల పౌండ్లు. ఆ దావాకు పెట్టుబడి పెట్టిన సంస్థే ఇది మరీ తక్కువని అడ్డం తిరిగింది.