బ్రేకులు ఎప్పుడు మార్చాలో కిలోమీటర్లు చెప్పవు

తిరుమల నుంచి తిరుపతికి దిగే కారు దాదాపు 700 మీటర్ల ఎత్తు కిందికి వస్తుంది. మనుషులు, సామాను అన్నీ కలిపి కారు బరువు 1,200 కిలోలు అనుకుంటే, ఆ దిగడంలో సుమారు 82 లక్షల జౌళ్ల శక్తి విడుదలవుతుంది. ఆ శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి, లేదంటే వేగంగా మారిపోతుంది. గాలి, టైర్లు, ఇంజన్ కొంత తీసుకుంటాయి. మిగిలినదంతా బ్రేకుల్లో వేడిగా మారాల్సిందే. అదే కారుని మామూలు రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి ఆపితే బ్రేకులు మింగేది సుమారు 1 లక్షా 67 వేల జౌళ్లే. అంటే ఒక్క కొండ దిగడంలో ఉన్న శక్తి దాదాపు 49 సార్లు బండిని ఆపడంతో సమానం. పైగా మధ్యలో చల్లారే వ్యవధి కూడా సరిగ్గా దొరకదు.

చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేన్ని డిస్క్ అంటారు, దాన్ని రెండు వైపుల నుంచీ నొక్కి ఆపే పలకలే ప్యాడ్లు. బ్రేకుల మీద పడే భారం ఇలా దారిని బట్టి మారుతుంది కాబట్టే "ప్యాడ్లు ఎన్ని వేల కిలోమీటర్లకి మార్చాలి?" అన్న ప్రశ్నకి నికరమైన జవాబు లేదు. హైదరాబాద్ నుంచి విజయవాడకి హైవే మీద వెళ్లే కారు, రోజూ అమీర్‌పేట సిగ్నళ్ల మధ్య నలిగే కారు ఒకే దూరం తిరిగినా వాటి బ్రేకులు ఒకేలా అరగవు. చూడాల్సింది ప్యాడ్ మందం. చాలా కార్లలో కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం 10 మిల్లీమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకి వస్తే మార్చేయాలి. 2 కన్నా తగ్గాక నడపడం ప్రమాదం. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకి తూగుతుంది కాబట్టి సాధారణంగా ముందు చక్రాల ప్యాడ్లే త్వరగా అరుగుతాయి.

టార్చి వేసి చక్రం సందుల్లోంచి చూస్తే బయటి ప్యాడ్ కనిపిస్తుంది. చిక్కంతా లోపలి ప్యాడ్‌తోనే. ప్యాడ్లని డిస్క్‌కి నొక్కి పట్టే భాగం కాలిపర్, అది జారే పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోతే లోపలిది ముందే అరిగిపోతుంది, బయటిది మాత్రం బాగానే కనిపిస్తుంది. అందుకే టైర్లు విప్పినప్పుడల్లా రెండు వైపులా చూడమని అడగండి. చాలా ప్యాడ్లకి ఒక చిన్న లోహపు రేకు ఉంటుంది. పదార్థం బాగా అరిగాక అది డిస్క్‌కి తగిలి కీచుమంటుంది. అది ముందస్తు హెచ్చరిక. కీచుమనడం పోయి గరగరమని గీరుకుంటున్న శబ్దం వస్తే, ఇనుము ఇనుముని కోస్తోందన్నమాట. అప్పుడు డిస్క్ కూడా మార్చాల్సి రావచ్చు. దాని కనీస మందం ఎంతో చాలావరకు డిస్క్ మీదే అచ్చు వేసి ఉంటుంది. అంతకన్నా పలచబడిన డిస్క్‌ని లేత్ మెషిన్ మీద నునుపు చేయించి నెట్టుకురావడం తప్పు, పలచటి డిస్క్ వేడిని తట్టుకోదు. ఇక వెనక డ్రమ్ బ్రేకులుంటే, డ్రమ్ విప్పి లోపల రాసుకునే పొర, అంటే లైనర్ చూడటమే ఖాయమైన పద్ధతి.

బానెట్ కింద ఇంకో కొలమానం ఉంది, దాన్ని మనమే చెరిపేస్తుంటాం. అది డబ్బాలోని బ్రేక్ ఆయిల్ మట్టం. పెడల్ తొక్కితే ఆ ద్రవమే కాలిపర్‌లోని పిస్టన్‌ని తోసి ప్యాడ్‌ని నొక్కిస్తుంది. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ బయటికి జరుగుతుంది, దాని వెనక ఏర్పడిన ఖాళీలోకి డబ్బాలోని బ్రేక్ ఆయిల్ దిగుతుంది. ఎక్కడా లీకు లేకపోయినా మట్టం నెలల తరబడి మెల్లగా తగ్గడానికి కారణం ఇదే. "తగ్గింది సార్, కొంచెం పోశాం" అన్నారంటే ఆ సూచన కాస్తా పోయినట్టే. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్లని వెనక్కి నెడతారు, అప్పుడు ఆ ఎక్కువైన ద్రవం పైకి పొంగి బండి పెయింట్‌ని తినేస్తుంది. మట్టం కొద్ది రోజుల్లోనే పడిపోతే మాత్రం అది లీకు, బండి కదపకండి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం ఆ ద్రవం వయసు. మన కార్లలో వాడే బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ ఈథర్లతో చేసినది. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ ప్రమాణం 155 డిగ్రీలకి పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. వరసగా బ్రేకు తొక్కుతూ ఘాట్ దిగేటప్పుడు కాలిపర్ దగ్గర ద్రవం మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. పెడల్ నేల దాకా వెళ్తుంది, బండి ఆగదు. ప్యాడ్లు కొత్తవైనా సరే. కాబట్టి చాలా కంపెనీలు చెప్పినట్టు రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్పించండి. కారు తిరిగింది తక్కువే కదా అని వాయిదా వేయొద్దు, తేమకి మీటరు రీడింగుతో పని లేదు.

దిగేటప్పుడు రెండో గేరులో ఉండండి, వేగాన్ని అదుపు చేసే పని చాలావరకు ఇంజనే చేస్తుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వేసేవాళ్లున్నారు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇప్పటి ఇంజన్లు ఇంధనాన్ని ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే ఖర్చవుతుంది. ఇంజన్ పూర్తిగా ఆపేస్తే రెండు మూడు సార్లు తొక్కగానే మన కాలికి బలమిచ్చే బూస్టర్ సాయం పోయి పెడల్ రాయిలా బిగుస్తుంది.

ప్యాడ్లు ఎప్పుడూ ఒక ఇరుసుకి రెండు వైపులా కలిపే మార్చాలి, లేకపోతే బండి ఒక పక్కకి లాగుతుంది. పనిలో చేయి తిరిగినవారు దగ్గరుంటేనే ఇంట్లో మొదలుపెట్టండి. కేవలం జాకీ మీద నిలబెట్టిన బండి కింద చేయి పెట్టొద్దు, స్టాండ్ ఉండాల్సిందే. విప్పిన కాలిపర్‌ని బ్రేక్ ఆయిల్ గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టాలి. పిన్నులు శుభ్రం చేసి బ్రేకులకని అమ్మే గ్రీజు రాయాలి, ప్యాడ్ ముఖానికి చుక్క కూడా అంటకూడదు. దుమ్ముని గాలితో ఊదకుండా తడి గుడ్డతో తుడవాలి.

అంతా బిగించాక, బండి కదిలించే ముందే పెడల్ గట్టిపడే దాకా తొక్కాలి. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటాయి కాబట్టి మొదటి ఒకటి రెండు సార్లు అది నేలకి తగులుతుంది. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 15కి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ ఎనిమిది పది సార్లు తగ్గిస్తే ప్యాడ్ పదార్థం డిస్క్ మీద సమానంగా పరుచుకుంటుంది. ఇందుకు టైం కావాలి. అందుకే ఘాట్ ప్రయాణం ఉంటే బ్రేకుల పని ముందురోజుకి పెట్టుకోకుండా ఓ వారం ముందే చేయించండి.