మేకకు పోసిన మందు ఎక్కడికి పోతోంది? అపోహలు – వాస్తవాలు

"పొట్ట ఉబ్బింది, నూనె పోశాం, ఉబ్బు దిగింది. మూడో రోజు చచ్చిపోయింది." జీవాలు పెంచేవాళ్ల నోట ఈ మాట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. నేరం నూనె మీదకో, మందుల షాపు మీదకో, దిష్టి మీదకో పోతుంది. పోసిన తీరు మీదకు మాత్రం పోదు.

అపోహ: తల బాగా పైకెత్తి, నాలుక బయటికి లాగి పోస్తే మందు సాఫీగా దిగుతుంది.

వాస్తవం: దిగుతుంది, ఊపిరితిత్తుల్లోకి. మేక గుటక వేయాలంటే నాలుక కదలాలి. గుటక పడ్డప్పుడే గాలిగొట్టం మూసుకుంటుంది. నాలుక మీ గుప్పిట్లో ఉంటే అది మింగలేదు. తల ఆకాశానికి ఎత్తితే పోసిందంతా గొంతులో నిలబడి, తర్వాతి ఊపిరితో పాటు లోపలికి పోతుంది. అరుస్తున్న మేక నోట్లో పోయడం మరీ ఘోరం, అరిచేటప్పుడు ఆ దారి తెరిచే ఉంటుంది. వెదురు గొట్టంతోనో సీసాతోనో గడగడా వంచితే ఆపుకునే వీలు దానికీ ఉండదు, మీకూ ఉండదు.

ఎక్కువసార్లు అప్పటికప్పుడు చావదు, మోసమంతా అక్కడే. పోసేటప్పుడు రెండు దగ్గులు, ముక్కులోంచి కాస్త మందు, అంతే కనిపిస్తుంది. మర్నాటి నుంచి మేత ముట్టదు, జ్వరం వస్తుంది, డొక్కలు ఎగరేస్తుంది. ఊపిరితిత్తుల్లో చేరిన నూనెను బయటికి తీసే మందు లేదు.

ఎలా పోయాలంటే: మేకను గోడకో మూలకో ఆనించి, నాలుగు కాళ్ల మీద నిలబెట్టండి. ఒక చెయ్యి దవడ కింద పెట్టండి. ముక్కు కంటి ఎత్తు దాటకూడదు. సూది తీసేసిన 20 మి.లీ. సిరంజి తీసుకుని నోటి పక్క నుంచి, ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీలోంచి నాలుక మీదకు పెట్టండి. ఒక్కసారికి 5 నుంచి 10 మి.లీ., అంతకు మించొద్దు. గొంతు కింద గుటక కదలిక కళ్లారా చూశాకే రెండో విడత. దగ్గితే వెంటనే వదిలేయండి, తల కిందికి దించుకోనివ్వండి. 100 మి.లీ. పోయడానికి పది నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి. లిక్విడ్ పారాఫిన్‌కు రుచి ఉండదు. నోట్లో ఏదో పడిందని మేకకు తెలియక గుటక వేయదు, అందుకే ఇంట్లో పోయడానికి వేరుశనగ నూనే నయం. పొడి మందైతే బెల్లంతో ముద్ద చేసి నాలుక వెనక పెట్టొచ్చు. మెడ వాల్చేసి పడుకున్న మేకకు మాత్రం నోటి ద్వారా ఏదీ వద్దు. దానికి డాక్టరు వేసే గొట్టమో, ఇంజెక్షనో.

అపోహ: ఉబ్బు ఏదైనా నూనెతో పోతుంది.

వాస్తవం: నూనె నురగను విరగ్గొడుతుంది, అంతవరకే దాని పని. మంచు తడి ఆరని పిల్లిపెసర, అలసంద, లూసర్న్ లాంటి పచ్చిమేత ఖాళీ కడుపున తెగ మేసినప్పుడు వచ్చేది నురగ ఉబ్బు. దానికి పెద్ద మేకకు 50 నుంచి 100 మి.లీ. నూనె పోసి, ముందుకాళ్లు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టి, ఎడమ డొక్క రుద్దాలి. వేపపుల్లను కళ్లెంలా నోట్లో కట్టే పాత పద్ధతి మంచిదే. పుల్ల నములుతుంటే లాలాజలం ఊరుతుంది, తేన్పులు వస్తాయి. డొక్కకు వాతలు పెట్టడం మాత్రం ఉత్త హింస.

పెళ్లి అన్నం, కల్లంలో వడ్లు, మొక్కజొన్న, దాణా బస్తా, వీటి మీద పడి తిన్న మేక సంగతి వేరు. కడుపులో పిండి పదార్థం పులిసి ఆమ్లమవుతుంది. ఒంట్లో నీరంతా కడుపులోకి లాగేస్తుంది. పిడికిలితో ఎడమ డొక్క నొక్కి చూడండి. నురగదో గాలిదో అయితే డోలులా బిగువుగా ఉంటుంది. ఇక్కడ తడిపిండిలా గుంట పడుతుంది, లేదా నీళ్లు కదిలినట్టు శబ్దం వస్తుంది. దీనికి నూనె దండగ. 20 కిలోల మేకకు 20 గ్రాముల తినే సోడా, అంటే తల కొట్టిన నాలుగు టీ స్పూన్లు, పావు లీటరు గోరువెచ్చని నీళ్లలో కలిపి పైన చెప్పినట్టే నిదానంగా తాగించండి. గింజ, దాణా, అన్నం బంద్. ఎండుగడ్డి మాత్రమే. తిన్నది ఎక్కువైతే లక్షణాల కోసం చూడొద్దు, తిన్న కొన్ని గంటల్లోపే డాక్టరు చూడాలి. పడిపోయాక సోడా ఒక్కటే సరిపోదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

పారుడు పడితే నీళ్లు, పాలు ఆపాలంటారు. తప్పు. చంపేది పారుడు కన్నా ఒంట్లో నీరు పోవడమే. మెడ మీద చర్మం పట్టి వదిలితే రెండు క్షణాల్లో సర్దుకోకపోతే నీరు తగ్గినట్టు. మనుషుల ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి, పిల్లకైతే 50–100 మి.లీ. చొప్పున రోజుకు నాలుగైదు సార్లు, పాలకూ పాలకూ మధ్యలో పట్టండి. తల్లిపాలు ఆపొద్దు.

పారుడంటే నట్టలే (కడుపులో పురుగులే) అనుకుంటారు. మూడు వారాలు దాటిన పిల్లల్లో చాలాసార్లు అది కాక్సిడియా అనే కంటికి కనిపించని పేగు పరాన్నజీవి పని, నట్టల మందు దాన్ని తాకను కూడా తాకదు. పేడ పరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది. రక్తం పీల్చే నట్టలకైతే ఎక్కువగా పారుడే ఉండదు. కంటి రెప్ప లోపల పాలిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది.

మందు సీసా మీద శాతం చదవరు. నట్టల మందు ఆల్బెండజోల్ 2.5 శాతంలో మి.లీ.కు 25 మిల్లీగ్రాములు, 10 శాతంలో 100. కిలోకు 10 మిల్లీగ్రాముల లెక్కన 20 కిలోల మేకకు మొదటిది 8 మి.లీ., రెండోది 2. సీసా మారిందని గమనించక అదే 8 పోస్తే నాలుగింతలు పోసినట్టు. చూడి కట్టిన మొదటి నెలలో అసలే వద్దు, పిండానికి ముప్పు.

ఇంట్లో మిగిలిన టెట్రాసైక్లిన్ (యాంటీబయాటిక్) గొట్టం మాత్రలు విప్పి తాగించకండి. మేత అరిగించే సూక్ష్మజీవులే చచ్చి నెమరు ఆగిపోతుంది.

పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేసినప్పుడు ఏం తిన్నది, ఎన్ని గంటలైంది, ఎడమ డొక్క ఎలా ఉంది చెప్పండి. ఈలోపు మీరు ఏం పోశారో, ఎంత పోశారో, పోసేటప్పుడు దగ్గిందో లేదో దాచకుండా చెప్పండి. తిడతారని చాలామంది దాస్తారు. దగ్గిందని తెలిస్తే డాక్టరు ముందుగా ఛాతీ మీదే స్టెతస్కోపు పెడతారు.