టార్చి ఎక్కడుందో చెప్పొద్దు

పర్లాకిమిడి

బుజ్జీ, చిన్నీ,

అక్క నర్సింగు కాలేజీలో బొమ్మలాట ఆడుతోందని ఫోన్లో తెగ నవ్వారు. నవ్వండి, తప్పులేదు. గుండె ఆగినవాళ్ళ ఛాతీ నొక్కడం నేర్పే రెససీ యాన్ బొమ్మను 1960లో తయారుచేసింది నార్వేలో పిల్లల బొమ్మలు చేసే ఆస్మండ్ లార్డలే. పెద్దవాళ్ళ ఛాతీ 5 సెంటీమీటర్లకు తగ్గకుండా దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. బొమ్మ ముఖం ఎంత అందంగా ఉంటే ఏం, ఛాతీ దిండులా మెత్తగా ఉంటే నేర్చుకున్నదంతా తప్పే.

మా రోజుల్లో కాన్పు తరవాత రక్తస్రావం అంటే మేడమ్ ట్రేలో ఎర్రనీళ్ళు పోసి చూపించేవారు. అర లీటరు దాటితే ప్రమాదమని రాసుకున్నాం. ఉద్యోగంలో చేరిన ఏడాదే, ఒక చిన్న ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. నెత్తురు ట్రేలో పడలేదు, పాతచీర ముక్కల్లోకి ఇంకిపోయింది. 'ఓ గ్లాసుడు పోయుంటుందిలే' అనుకున్నాను. బాలింత చెయ్యి చల్లబడ్డాక గానీ డాక్టరుగారిని లేపలేదు. ఆవిడ బతికింది, నా తెలివి వల్ల మాత్రం కాదు.

మీరూ చూడండి. బీట్‌రూట్ నీళ్ళు అర లీటరు కొలిచి పాత నూలుచీర మీద పోసి, ఎంత ఉంటుందో అమ్మని అడగండి. తక్కువే చెబుతుంది. తడిచీరను తూచి, పొడిచీర బరువు తీసేస్తే నిజం తెలుస్తుంది. తిడితే నా పేరు చెప్పండి.

అక్క దగ్గరున్న నియోనటాలీ అనే పసిబిడ్డ బొమ్మ చూడ్డానికి ప్లాస్టిక్ సంచిలా ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళు నింపి ఎత్తుకుంటే మెడ వాల్చేస్తుంది, అచ్చం ఏడవని పసిబిడ్డలా. ఒక్క నిమిషంలో ఊపిరి అందించాలి. పక్కన గడియారం పెడితే వేళ్ళు వణుకుతాయి. ఆ వణుకు బొమ్మ దగ్గరే తీరాలి.

పైసా ఖర్చులేని సంగతి ఒకటుంది, దాన్నే వదిలేస్తారు. మన దగ్గర కాన్పుకొచ్చిన పిల్లకి సవర తప్ప రాదు, నర్సుది ఒడియా, ఆయాది తెలుగు. ముగ్గురూ ఒకేసారి అరుస్తుంటే పని చెయ్యడం ఏ బొమ్మ నేర్పుతుంది? మొదటిరోజే ఇదంతా పెడితే పిల్ల బెదిరిపోతుంది, ముందు చెయ్యి తిరగాలి. అక్కకి తిరిగింది.

అందుకే దసరాకి అది వచ్చినప్పుడు బొమ్మతో కాన్పు ఆట ఆడదాం, నేను బాలింత అత్తగారిని. "బేగి చెయ్యండమ్మా!" అని మీద పడతాను. బుజ్జీ, నువ్వు గడియారం చూడు. చిన్నీ, సరిగ్గా బిడ్డ బయటికొచ్చే వేళకి లైటు ఆర్పెయ్. టార్చి ఎక్కడుందో మాత్రం దానికి చెప్పొద్దు.

మీ అమ్మమ్మ